ఏడేళ్లంటే ఏడేళ్లే: ఒలీవియా డి హావిలాండ్ సంగతి

మీరు అడిగింది ఇదీ: 'గాన్ విత్ ద విండ్' చూశారు, అందులో మెలనీ వేషం వేసినావిడ బాగా నచ్చింది. ఆవిడ తన స్టూడియో మీదే కేసు వేసి గెలిచిందని తర్వాత ఎక్కడో చదివారు. అంత నెమ్మదస్తురాలు కోర్టుకెక్కిందంటే నమ్మబుద్ధి కాలేదు. ఆ కేసేంటి, సొంత చెల్లెలితో మాటలెందుకు లేవు, ఆవిడవి ఇంకా ఏ సినిమాలు చూడాలి అని ప్రశ్న.

పాతికేళ్లుగా మా ఊరి ఫిల్మ్ సొసైటీలో పాత హాలీవుడ్ సినిమాలు వేస్తున్నాను. వేసే ముందు ఓ పది నిమిషాలు పరిచయంగా మాట్లాడటం నా పని. ఒలీవియా డి హావిలాండ్ సినిమా వేసిన ప్రతిసారీ 'పాపం, ఎంత నెమ్మదో' అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. కాబట్టి కేసు కంటే ముందు మెలనీ దగ్గరే మొదలుపెడతాను.

అమెరికా అంతర్యుద్ధం చివర్లో కథానాయిక స్కార్లెట్ ఇంట్లోకి ఒక సైనికుడు దోపిడీకి వస్తాడు, ఆమె మెట్ల మీద నిలబడి వాణ్ణి కాల్చేస్తుంది. ఆ సీను మళ్లీ వేసుకుని స్కార్లెట్‌ను వదిలేసి మెట్ల పైన చూడండి. బాలింత నీరసం తీరని మెలనీ, నైట్‌గౌన్‌లో, ఎత్తలేని కత్తి ఒకటి ఈడ్చుకుంటూ వచ్చి ఉంటుంది. శవాన్ని చూసి కెవ్వుమనదు. చంపినందుకు సంతోషమే అంటుంది. బయట నుంచి ఇంట్లోవాళ్లు కంగారుగా పరిగెత్తుకొస్తుంటే కిటికీ దగ్గరికెళ్లి, తుపాకీ తుడుస్తుంటే పేలిందని తడుముకోకుండా అబద్ధం చెప్పేస్తుంది. ఆ వెంటనే, వాడి సంచి వెతుకుదామన్న ఆలోచన కూడా ఆమెదే. నెత్తురు నేల మీద పడకుండా చుట్టడానికి ఒంటి మీది గౌను విప్పి ఇచ్చేస్తుంది. ఇంత పని చేసిన మనిషిని మనం 'పాపం మెలనీ' అనుకుంటూ వచ్చాం. ఒలీవియా విషయంలో ఆమె స్టూడియో వార్నర్ బ్రదర్స్ అధిపతి జాక్ వార్నర్ చేసిన పొరపాటు కూడా సరిగ్గా అదే.

ఇక మనిషి సంగతి. 1916 జులై 1న టోక్యోలో పుట్టింది. తల్లిదండ్రులు ఇంగ్లీషువాళ్లు. తండ్రి అక్కడ పేటెంట్ల లాయరు, తల్లి లండన్‌లో నటన నేర్చుకుని పెళ్లితో మానేసిన మనిషి. 1919లో తల్లి ఇద్దరు ఆడపిల్లలనూ తీసుకుని కాలిఫోర్నియాలో దిగింది, తండ్రి జపాన్ వెళ్లిపోయాడు. శాన్‌ఫ్రాన్సిస్కోకి దక్షిణాన సారటోగా అనే చిన్న ఊళ్లో పెరిగారు. తల్లి జార్జ్ ఫాంటేన్ అనే ఆయన్ని మళ్లీ పెళ్లి చేసుకుంది. ఇంట్లో క్రమశిక్షణ బాగా ఎక్కువ. ఒలీవియా టీచరు కావాలనుకుంది, కాలేజీలో సీటూ స్కాలర్‌షిప్పూ ఖాయమయ్యాయి.

ఆ కాలేజీలో చేరాల్సిన ఏడాదే, 1934లో, ఆస్ట్రియా నాటక దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ హాలీవుడ్ బౌల్‌లో షేక్‌స్పియర్ 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' వేయబోతున్నాడు. హెర్మియా వేషానికి అసలు నటి ఉంది, ఆమె రాకపోతే వేయడానికి ఇంకొకామె ఉంది, ఆమె కూడా రాకపోతే వేయడానికి ఒలీవియా. అంటే వరసలో మూడోది. ముందున్న ఇద్దరికీ సినిమా అవకాశాలొచ్చి వెళ్లిపోయారు. పద్దెనిమిదేళ్ల పిల్ల అంత పెద్ద ఆరుబయలు రంగస్థలం ఎక్కేసింది. ఆ నాటకాన్ని వార్నర్ బ్రదర్స్ సినిమాగా తీస్తూ ఆమెనూ తీసుకుంది, వారానికి 200 డాలర్ల జీతంతో ఏడేళ్ల కాంట్రాక్టు పెట్టింది. కాలేజీ అటకెక్కింది.

1935 చివర్లో 'కెప్టెన్ బ్లడ్' వచ్చింది. పక్కన ఎరల్ ఫ్లిన్, అతనికీ పెద్దగా పేరు లేదు. సినిమా ఆడింది, జంట కుదిరింది, స్టూడియోకి బంగారు గుడ్డు దొరికింది. 1941 దాకా ఇద్దరూ కలిసి ఎనిమిది సినిమాలు చేశారు. వాటిలో 1938 నాటి 'ద అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్' ఇప్పటికీ పిల్లలతో కూర్చుని చూడొచ్చు, ఆ రంగులు చూసి తీరాలి. మిగతావాటిలో ఆమెకు పెద్దగా పనుండదు. హీరో కత్తి తిప్పుతాడు, ఈమె కిటికీలోంచి చూస్తుంది, ఆఖర్న పెళ్లి. ఆమెకు బాధ కలిగింది అక్కడే. తనకు నటన వచ్చు, నటించే వేషం రావట్లేదు.

'గాన్ విత్ ద విండ్' అయితే వార్నర్ వాళ్లది కాదు, నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్‌ది. మెలనీ వేషానికి పిలుపొచ్చినా, జాక్ వార్నర్ పంపనన్నాడు. బయటికెళ్లి పెద్ద సినిమా చేసొస్తే ఇక చెప్పిన మాట వినదని ఆయన లెక్క. (ఆ లెక్క తప్పలేదు.) ఒలీవియా ఏం చేసిందంటే, బెవర్లీ హిల్స్‌లో బ్రౌన్ డెర్బీ అనే రెస్టారెంట్‌కు ఆయన భార్య యాన్‌ను టీకి పిలిచి గోడు చెప్పుకుంది. ఆవిడ ఇంటికెళ్లి భర్తను ఒప్పించింది. షూటింగ్ మొదలైన కొన్నాళ్లకే దర్శకుడు జార్జ్ క్యూకర్‌ను తీసేసి విక్టర్ ఫ్లెమింగ్‌ను పెట్టారు. ఒలీవియా సెలవు రోజుల్లో రహస్యంగా క్యూకర్ ఇంటికెళ్లి సీన్లు అడిగి తెలుసుకునేది. స్కార్లెట్ వేసిన వివియన్ లీ కూడా అదే పని చేస్తోందని ఒలీవియాకు తెలియదు, ఈమె సంగతి ఆమెకూ తెలియదు.

ఆ సినిమాకు సహాయ నటి ఆస్కార్ నామినేషన్ వచ్చింది కానీ అవార్డు అదే సినిమాలో పనిమనిషి మామీ వేషం వేసిన హాటీ మెక్‌డానియెల్‌కు వెళ్లింది. ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి నటి ఆమె. అయినా ఆ రాత్రి హోటల్లో ఆమెను మిగతా బృందంతో కాకుండా విడిగా ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఒలీవియా ఓడిపోయిన ఉక్రోషంతో వంటగదిలోకి వెళ్లి ఏడ్చిందట. కొన్నాళ్లకు, ఆ అవార్డు హాటీకి రావడమే న్యాయమని తనకు అర్థమైందని ఆమే చెప్పుకుంది.

ఇప్పుడు కేసు. ఇది అర్థం కావాలంటే ఆనాటి స్టూడియో కాంట్రాక్టు ఎలా ఉండేదో తెలియాలి. మన మద్రాసు స్టూడియోల్లో కూడా నెలజీతం మీద నటులుండేవారు, ఎన్టీఆర్ తొలిరోజుల్లో విజయా వారి దగ్గర అలాగే చేశారు. కానీ హాలీవుడ్ కాంట్రాక్టు ముడి ఇంకా గట్టిది. పేరుకి ఏడేళ్లు, గడువు గడువుకీ 'ఉంచాలా, తీసేయాలా' అని నిర్ణయించుకునే హక్కు మాత్రం స్టూడియోదే. నటికి మధ్యలో వెళ్లిపోయే దారి లేదు. ఏ వేషం ఇస్తే అది వేయాలి, ఏ కంపెనీకి అద్దెకు పంపితే అక్కడికెళ్లాలి. ఆ అద్దెలో మిగిలే లాభం స్టూడియోది.

వేషం వద్దంటే 'సస్పెన్షన్'. ఆ వేషం ఇంకొకరు వేసి పూర్తిచేసేదాకా జీతం ఆపేస్తారు, బయట పని చేయనివ్వరు. అంతవరకూ సరే అనుకుందాం. అసలు దెబ్బ ఆ తర్వాత ఉంటుంది: ఆపిన వారాలన్నీ తీసుకెళ్లి కాంట్రాక్టు చివర కలుపుతారు. పది వారాలు ఖాళీగా కూర్చుంటే గడువు పది వారాలు వెనక్కి జరుగుతుంది. ఎన్నిసార్లు 'వద్దు' అంటే అంత ఎక్కువ కాలం కట్టుబడి ఉండాలి. ఎదురు తిరిగేవాళ్లకే శిక్షాకాలం పెరుగుతుందన్నమాట. వరసగా చెత్త వేషాలిస్తూ పోతే, ఆత్మాభిమానం ఉన్న నటిని చచ్చేదాకా కట్టిపడేయొచ్చు.

ఒలీవియా చాలాసార్లు వద్దంది. 1936లో కొత్తగా రాసుకున్న ఏడేళ్ల కాంట్రాక్టుకు 1943లో గడువు తీరి, ఇక బయటపడ్డాననుకునే వేళకి, సస్పెన్షన్లన్నీ కలిపి ఇంకో ఆరు నెలలు బాకీ ఉన్నావన్నారు. అందరూ తిట్టుకుంటూ ఆ బాకీ తీర్చేవాళ్లే. ఆమె స్నేహితురాలు బెటీ డేవిస్ 1936లోనే ఇదే స్టూడియోతో లండన్ కోర్టులో తలపడి ఓడిపోయి, తిరిగొచ్చి పనిలో చేరింది. అంత పెద్ద నటికే కానిది ఈ 'నెమ్మదస్తురాలి' వల్ల ఏమవుతుందని జాక్ వార్నర్ ధైర్యం.

ఆమె మార్టిన్ గ్యాంగ్ అనే లాయర్ దగ్గరకెళ్లింది. ఆయన చూపించింది కొత్త చట్టమేమీ కాదు. కాలిఫోర్నియా లేబర్ కోడ్‌లో 2855వ సెక్షన్, ఎప్పటినుంచో పుస్తకంలో ఉన్నదే: ఏ మనిషి చేతా ఏడేళ్లకు మించి కాంట్రాక్టు పేరుతో బలవంతాన పని చేయించకూడదు. కేసంతా ఆ 'ఏడేళ్లు' అన్న ఒక్క మాట మీదే నడిచింది. పని చేసిన రోజులే లెక్క, సస్పెన్షన్ రోజులు లెక్కలోకి రావు అని స్టూడియో వాదన. ఏడేళ్లంటే క్యాలెండర్‌లో ఏడేళ్లే అని ఈమె వాదన.

1943 ఆగస్టులో దావా వేసింది. కింది కోర్టులో గెలిచింది. స్టూడియో అప్పీలుకెళ్లింది. 1944 డిసెంబర్ 8న అప్పీలు కోర్టు కూడా ఈమె పక్షానే చెప్పింది: చట్టంలో ఏడేళ్లని ఉంటే ఏడు క్యాలెండర్ సంవత్సరాలే. పైగా కార్మికుడి మేలు కోసం పెట్టిన ఈ హక్కును కాంట్రాక్టులో సంతకం పెట్టించుకుని లాగేసుకోవడం కుదరదంది. ఈ రెండో ముక్క మొదటిదానికంటే విలువైనదని నా ఉద్దేశం. సంతకం పెట్టావు కదా అనే వాదనకు అక్కడితో తలుపు మూసేసింది. 1945లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ తీర్పును మళ్లీ విచారించడానికి ఒప్పుకోలేదు. అక్కడితో అయిపోయింది.

గెలిచిందని ఇప్పుడు ఒక్క మాటలో అంటున్నాం కానీ ఆ రెండేళ్లూ ఎలా గడిచాయో చూడండి. జాక్ వార్నర్ మిగతా స్టూడియోలకు ఉత్తరాలు రాసి ఈమెకు పని ఇవ్వద్దన్నాడు. ఎవరూ ఇవ్వలేదు. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, హీరోయిన్‌కి అన్నిటికంటే ఖరీదైన కాలంలో, కెమెరా ముందు నిలబడే వీల్లేదు. జనం మరిచిపోతారన్న టెన్షన్ ఎలాగూ ఉంటుంది. ఆ ఖాళీలో ఆమె సైనిక ఆస్పత్రులు తిరిగింది. అలాస్కా వైపు అల్యూషియన్ దీవులకు, తర్వాత దక్షిణ పసిఫిక్‌కు వెళ్లి గాయపడ్డ సైనికులను పలకరించింది. ఫిజీలో న్యుమోనియా వచ్చి తనే ఆస్పత్రిలో పడింది.

ఆ తీర్పును ఇప్పటికీ 'డి హావిలాండ్ లా' అంటారు. దాని నీడ సినిమాల దగ్గరే ఆగలేదు. 2000ల చివర్లో నటుడు, గాయకుడు జారెడ్ లెటో రాక్ బ్యాండ్‌కు, వాళ్ల రికార్డు కంపెనీకి గొడవొచ్చి 3 కోట్ల డాలర్ల దావా పడినప్పుడు, లెటో పట్టుకున్నది ఈ చట్టాన్నే. తర్వాత ఆయన పారిస్‌లో ఆమె ఇంటికెళ్లి మరీ కృతజ్ఞతలు చెప్పొచ్చాడు.

మీ మూడో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే మొదలవుతుంది. ఆమె మంచి సినిమాలు మూడూ కేసు గెలిచాక వచ్చినవే. వేషం ఎంచుకునే హక్కు చేతికొచ్చాక ఆమె ఏం ఎంచుకుందో చూస్తే, ఇన్నాళ్లూ ఎందుకు పోట్లాడిందో తెలుస్తుంది.

మొదటిది 1946 నాటి 'టు ఈచ్ హిజ్ ఓన్'. పెళ్లికాకుండా తల్లయిన పల్లెటూరి పిల్ల, బిడ్డను ఇంకొకరి చేతుల్లో పెట్టి, వాడు పెద్దయ్యాక పరాయి మనిషిలా పక్కన నిలబడుతుంది. మన పాత సినిమాల కథలా ఉంది కదూ? మా సొసైటీలో వేసినప్పుడు అరవై దాటిన ఆడవాళ్లు ఇంటర్వెల్‌లోనే కళ్లు తుడుచుకున్నారు, కుర్రాళ్లు ఫోన్లు చూసుకున్నారు. కథ నాకూ కాస్త పాకంలా అనిపిస్తుంది. కానీ అమాయకపు పిల్ల నుంచి నడివయసులో గట్టిపడిపోయిన వ్యాపారస్తురాలి దాకా ఆమె గొంతు, నడక మారిన తీరు గమనించండి. దీనికే మొదటి ఆస్కార్.

రెండోది 1948 నాటి 'ద స్నేక్ పిట్', దర్శకుడు అనటోల్ లిట్వాక్. మానసిక రోగుల ఆస్పత్రిలో ఇరుక్కున్న ఒక రచయిత్రి కథ. అందాల నటి అన్న పేరున్న మనిషి మేకప్ లేకుండా, జుట్టు రేగి, బట్టలు వేలాడుతూ కనిపించడం అప్పట్లో చిన్న సాహసం కాదు. వేషం కోసం ఆస్పత్రులకెళ్లి రోగులనూ, వాళ్లకిచ్చే కరెంట్ షాక్ వైద్యాన్నీ దగ్గరుండి చూసింది. బ్రిటన్‌లో సెన్సారు వాళ్లు, ఇందులో ఉన్నవాళ్లంతా నటులే, మన దేశంలో పరిస్థితులు ఇలా ఉండవు అని ముందు ఒక ప్రకటన వేయించారు. ఆఖర్న అంతా డాక్టరుగారి తెలివితేటల్లోకి దారి తీయడం నాకు నచ్చదు. వార్డు సీన్లు మాత్రం ఇప్పటికీ ఊపిరి ఆడనివ్వవు.

మూడోది 1949 నాటి 'ద హెయిరెస్'. న్యూయార్క్‌లో దీని నాటకం చూసి, ఇది నాకోసం తీస్తారా అని దర్శకుడు విలియం వైలర్‌ను తనే అడిగింది. ఐదేళ్ల క్రితం స్టూడియో ఏ వేషం పడేస్తే అది వేయాల్సిన మనిషి! కథ 19వ శతాబ్దపు న్యూయార్క్‌లోది. డబ్బున్న డాక్టరు, రాల్ఫ్ రిచర్డ్‌సన్. ఆయన కూతురు కేథరిన్, ఒలీవియా: అందం లేదు, నలుగురిలో మాట పెగలదు, తండ్రికి ఆమెంటే లోలోపల చిన్నచూపు. ఆ కూతురు కోసం వచ్చే అందగాడు మాంట్‌గోమరీ క్లిఫ్ట్, అతను ప్రేమించింది ఆమెనా, ఆస్తినా?

రాత్రి లేచిపోదామని అతను చెబితే, ఆమె పెట్టె సర్దుకుని హాల్లో కూర్చుంటుంది. గుర్రబ్బండి చప్పుడు వచ్చినప్పుడల్లా లేస్తుంది. అతను రాడు. తెల్లవారుజామున అదే పెట్టె పట్టుకుని మెట్లెక్కి గదికి వెళ్లాలి. ఈ మెట్లెక్కే షాట్ వైలర్ మళ్లీ మళ్లీ తీశాడు, ఏం బాగాలేదో చెప్పడు. ఆయన పద్ధతే అంత. విసుగొచ్చి ఒలీవియా పెట్టెను విసిరికొట్టింది. అప్పుడు ఆయనకు తట్టింది, అది ఖాళీ పెట్టె! దాన్నిండా బరువైన పుస్తకాలు పెట్టించి మళ్లీ ఎక్కించాడు. ఇప్పుడు మీరు తెర మీద చూసేది ఆ టేకు. ఒక్కో మెట్టుకీ భుజం కిందికి లాగుతుంటే, కమ్మీ పట్టుకుని ఆమె ఎక్కుతుంది. ఏడుపు లేదు, మాట లేదు.

సినిమా చివర్లో అవే మెట్లు ఇంకోసారి ఎక్కుతుంది, ఈసారి చేతిలో దీపం. ఎందుకో, బయట తలుపు దగ్గర ఏం జరుగుతుంటుందో నేను చెప్పను. మేం వేసినప్పుడు ఆ ఆఖరి రెండు నిమిషాల్లో హాల్లో కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా లేదు, ఫోన్లు చూసుకునే కుర్రాళ్లతో సహా. దీనికి రెండో ఆస్కార్ వచ్చింది.

చెల్లెలి సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ దాని గురించే ఎక్కువ రాస్తారు. చెల్లెలు జోన్ ఫాంటేన్, దాదాపు పదహారు నెలలు చిన్న. ఇంటిపేరు అక్క వాడుతోందని మారుతండ్రి పేరు పెట్టుకుని సినిమాల్లోకి వచ్చింది. 1942లో ఇద్దరూ ఒకే ఏడాది ఉత్తమ నటికి పోటీపడితే చెల్లెలు గెలిచింది. 1947లో అక్క గెలిచిన రాత్రి చెల్లెలు అభినందించడానికి చెయ్యి చాచితే అక్క పట్టించుకోకుండా పోయింది, ఆ క్షణం ఒక ఫోటోగ్రాఫర్‌కు చిక్కింది. 1975లో తల్లి చనిపోయినప్పుడు జరిగిన గొడవతో మాటలు పూర్తిగా పోయాయి. చెల్లెలు చాలా చెప్పింది, అక్క ఏళ్లతరబడి నోరు విప్పలేదు. ఒక వైపు కథే విని ఎవరిది తప్పో నేను తేల్చను. అక్కచెల్లెళ్లిద్దరూ ఉత్తమ నటి ఆస్కార్ తెచ్చుకున్న ఇల్లు మాత్రం ఇప్పటికీ అదొక్కటే.

1950ల నుంచి ఆమె పారిస్ మనిషి. ఫ్రెంచి పత్రికా సంపాదకుడు పియర్ గలాంట్‌ను పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోయింది. 1965లో కాన్ చిత్రోత్సవం జ్యూరీకి అధ్యక్షురాలైంది, ఆ పదవిలో కూర్చున్న మొదటి మహిళ ఆమే. తర్వాతి సినిమాల్లో 1964 నాటి 'హష్... హష్, స్వీట్ షార్లెట్' ఒకటి చాలు. పక్కన బెటీ డేవిస్. తేనె పూసినట్టు మాట్లాడే చుట్టంగా ఒలీవియా భయపెడుతుంది. 70ల్లోని విమాన ప్రమాదాలూ తేనెటీగల దండయాత్రా వదిలేయండి, వాటిని డబ్బుకోసం చేసినట్టే కనిపిస్తుంది.

కోర్టు ముచ్చట అక్కడితో తీరిందనుకోకండి. 2017లో, సరిగ్గా నూట ఒకటో పుట్టినరోజుకు ముందు రోజు, మళ్లీ దావా వేసింది. ఒక టీవీ సీరియల్‌లో తనను నోరు జారే చాడీలకోరుగా, అదీ తన అనుమతి లేకుండా చూపించారని ఫిర్యాదు. ఈసారి ఓడిపోయింది. బతికున్న మనుషుల గురించి కథలు చెప్పుకునే స్వేచ్ఛ ఉందని 2018లో అప్పీలు కోర్టు తేల్చింది, దేశ సుప్రీంకోర్టు తర్వాతి ఏడాది ఆమె అభ్యర్థన వినలేదు. చట్టప్రకారం ఆ తీర్పే సరైనదని నాకనిపిస్తుంది. 2020 జులై 26న పారిస్‌లో కన్నుమూసింది, 104 ఏళ్లు.

చూసే వరస అడిగారు కాబట్టి: ముందు 'ద హెయిరెస్', రాత్రిపూట, ఒక్క కూర్చోడులో. నచ్చితే 'ద స్నేక్ పిట్'. ఇంట్లో పిల్లలుంటే ఆదివారం మధ్యాహ్నం 'రాబిన్ హుడ్'. ఇవన్నీ అయ్యాక 'గాన్ విత్ ద విండ్' మళ్లీ పెట్టి, ఆ కిటికీ దగ్గర అబద్ధం చెప్పే సీను దగ్గర ఒకసారి ఆపి చూడండి. ఒక చిన్న జాగ్రత్త: 'ద హెయిరెస్' పాత ప్రింట్లలో మాటలు సరిగా వినపడవు, సబ్‌టైటిల్స్ ఉన్న కాపీనే వెతకండి. మేం మొదటిసారి సబ్‌టైటిల్స్ లేకుండా వేసి, అరగంటకే లైట్లు వేసి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.